మొక్కల కోశములకు చందా నీయవలెనా?

ఇంటికి పెరడు లేకపోయినను మిద్దె మిగిలియున్నది గదా యని మన సోదరీమణులు పలువురు కుండీలలో బచ్చలి, తోటకూర, వంగ, మిరప, మల్లె, మందారములను పెంచుచున్నారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో మిద్దెతోట యనునది ఇప్పుడు ఇంటింటి మాటయైనది. మొక్క వాడినను, పేరు తెలియని తీగ యొకటి మొలచినను, ఆకు తినదగినదో కాదో యని సంశయము కలిగినను, చేతనున్న ఫోనులో వెదకుట వాడుకయైనది. వెదకిన క్షణములోనే పేరు, బొమ్మ, పుట్టిన దేశము, కావలసిన యెండ, నీరు అన్నియు కానవచ్చును. అంతర్జాలమున డేటాబేసులని వ్యవహరింపబడు మొక్కల కోశములు చేయుచున్న యుపకార మిది.

అట్టి పుటల యడుగున నొక చిన్న విన్నపము తఱచు కనబడుచుండును. ఈ కోశము మీకు ఉపయోగపడినచో తోచినంత విరాళ మొసగుడని దాని సారాంశము. కొన్నిచోట్ల విన్నపము గాక నిర్బంధమే కలదు. చందా కట్టినగాని తలుపు తెఱవరు. వినోదమునకై నాలుగు కుండీలు పెట్టుకొన్న గృహిణి యీ సొమ్ము నీయవలెనా, మానవలెనా? ఇది చిన్న ప్రశ్నగా తోచినను విచారింపదగినదే యని మేము తలంచుచున్నాము.

పేరే గదా, దానికి వెల యేమి యని కొందఱందురు. గన్నేరును చూడుడు. ఎఱ్ఱగను తెల్లగను పూయు గన్నేరు ఒకటి. పసుపువన్నె గంటలవంటి పూలు పూయు పచ్చగన్నేరు వేఱొకటి. కుండీలో ఏడాది పొడుగునను పూయు బిళ్ళగన్నేరు మూడవది. గుడి ప్రాంగణములలో సువాసనలు చిమ్ము దేవగన్నేరు నాల్గవది. నాలుగును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవేయైనను నాలుగును వేఱువేఱు మొక్కలు. మొదటి రెండింటియందును గుండె నడకను చెఱచు విషము కలదు. పచ్చగన్నేరు గింజ పసివారి నోట బడిన ప్రాణాపాయము. బిళ్ళగన్నేరు కథ మఱియొకటి. దానినుండి 1958లో కెనడా శాస్త్రజ్ఞులు విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేఱుచేసిరి; అది నేటికిని కొన్ని విధముల క్యాన్సరులకు వైద్యశాలలలో వాడబడుచున్నది. అట్లని ఆ యాకును నమలుట వైద్యము గాదు. గన్నేరాకు మధుమేహమునకు మంచిదని ఎవరో చెప్పగా విని, ఏ గన్నేరో తెలిసికొనక కషాయము కాచుకొన్న యింట నేమి జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. తెలుగు నాల్గింటికిని ఒకే పేరును పంచిపెట్టినది. శాస్త్రము వానిని నీరియం, కాస్కబెల, కేథరాంథస్, ప్లుమేరియా యని విడదీసినది. మంచి కోశము చేయు మొదటి పని యీ విడదీయుటయే.

గోంగూర విషయమున భయము లేదు గాని తికమక కలదు. మనము గోంగూర యనియు, తెలంగాణమున పుంటికూర యనియు పిలుచు కూరకు రెండు మొక్కలు ఆధారములు: హైబిస్కస్ సబ్డరిఫా యొకటి, హైబిస్కస్ కన్నాబినస్ మఱియొకటి. ఈ రెండవదాని యాకు గంజాయి యాకును పోలియుండుటచేతనే దాని కా పేరు కలిగినది. అమెరికాలో పెరట గోంగూర వేసికొన్న తెలుగువారి వైపు పొరుగువారు అనుమానముతో చూచినచో ఆశ్చర్యము లేదు! అట్టివేళ కోశములోని పుటను తెఱచి చూపుట ఎంతటి మేలో యోచింపుడు.

శాస్త్రనామములు మాత్రము స్థిరములా యన్నచో, కావు. మన కరివేపాకునకు స్వీడను దేశపు లినేయసు 1771లో బెర్గెరా కోనిగై యని పేరు పెట్టెను. ఇందు స్మరింపబడిన కోనిగ్ ఆయన శిష్యుడు. మన దేశమున మొక్కలను సేకరించుచు తిరిగి 1785లో కాకినాడలోని జగన్నాథపురమున మరణించినవాడు. తరువాత 1825లో వేఱొక పండితుడు కరివేపను మర్రయా యను జాతిలో చేర్చెను. ఇటీవలి పరిశోధనలను బట్టి అనేకులు మరల బెర్గెరా యనుచున్నారు. కావున పాత పుస్తకమున నొక పేరు, క్రొత్త పుటలో నొక పేరు. మొక్క మాత్రము పోపులో వేయు ఆ మొక్కయే. ఇంగ్లండులోని క్యూ ఉద్యానమువారు కూర్చిన ప్రపంచ పట్టికలో సుమారు 14 లక్షల నామములు కలవు. ఆ నామములు గల మొక్కల తెగలు మాత్రము ఇంచుమించు 3 లక్షల 40 వేలే. సగటున మొక్క యొక్కింటికి నాలుగు పేర్లన్నమాట. ఏ పేరు ఏ మొక్కదో, ఎవరు ఎప్పుడు పెట్టిరో, నేడేది చెల్లునో తేల్చువారు ప్రతిదినము కూర్చుండి పనిచేయవలెను. యంత్రము వెదకిపెట్టునే గాని తీర్పు చెప్పజాలదు. ఫోటో తీసినంతనే పేరు చెప్పు ఫోను సాధనములు సైతము ఊహించునవే. వాని మాట నమ్మి ఆకును వంటింటికి కొనిపోవుట ప్రమాదకరమని ఈ సందర్భముననే హెచ్చరించుచున్నాము.

ఈ పనికి మొదటినుండియు ఎవరో యొకరు ధన మిచ్చుచునే యున్నారు. సామర్లకోటలో తోట పెంచి మన జిల్లాల మొక్కలను పరిశీలించిన రాక్స్‌బరో వైద్యుని కోరమండలు తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో, ఈస్టిండియా కంపెనీవారి సొమ్ముతో వెలువడినది. చిత్రములు వ్రాసినవారు మన దేశీయులే. అటుపిమ్మట చార్లెస్ డార్విన్ పండితుడు, పూచుమొక్కల పేర్లన్నింటికి నొక సూచి యుండవలెనని కోరి, దానికై తన స్వంత ధనమును కేటాయించి 1882లో మరణించెను. ఆ సూచి క్యూ ఉద్యానమున సిద్ధమై 1893 మొదలు 1895 వఱకు అచ్చుపడినది. దాదాపు నూఱేండ్లకు అది అమెరికాలోని హార్వర్డు వారి పట్టికతోడను ఆస్ట్రేలియా వారి పట్టికతోడను కలిసి అంతర్జాలమున వెలసి, నేడు ఎవరైనను ఉచితముగా చూచునట్లున్నది. మనకు ఉచితమైనది డార్విన్‌గారికి ఉచితము గాదు.

ఒకమాఱు కట్టినచో చాలదా, ఏటేట సొమ్మెందులకని మఱియొక ప్రశ్న. ఇంటికి సున్నము వేయుట యెట్టిదో ఇదియు నట్టిదే. మొక్కల పేర్ల కొఱకు 2010లో కొన్ని గొప్ప ఉద్యానములు కలిసి ది ప్లాంట్ లిస్ట్ అను పట్టికను వెలువరించినవి. 2013 తరువాత దానిని సవరించుట మానివేసిరి. ఆ పని వరల్డ్ ఫ్లోరా ఆన్‌లైన్ అను వేఱొక కోశమునకు సంక్రమించినది. కాని పాతదానిని చూచి వ్రాసికొన్నవారి నోటుపుస్తకములలోను, ఇతర పుటలలోను పాత పేర్లే మిగిలిపోయినవి. ఆగిపోయిన కోశము తప్పు చెప్పుచున్నట్లు కనబడదు; అదే దానితోడి చిక్కు.

ఇంతవఱకు విన్నవారు, అయినచో చందా కట్టవలసినదేయని మేము తీర్పు చెప్పుదుమని యనుకొనవచ్చును. అంత తొందర లేదు. మన గృహిణి స్వంతముగా వ్యయింపగల ధనము కొలదియే. విదేశపు కోశములు డాలర్లలో నడుగును. నాలుగు డాలర్లు వారికి కాఫీ ఖర్చు, మనకు కొన్ని దినముల కూరగాయల ఖర్చు. పైగా పెద్ద ఉద్యానములు ప్రభుత్వ ధనముతోడను, ధనవంతుల విరాళములతోడను నడచుచుండగా, వంగమొక్కకు చీడపట్టినదని వెదకిన యిల్లాలిని అడుగుట న్యాయమా యన్నచో, ఆ వాదములో బలము లేకపోలేదు.

ఇంతకన్న ముఖ్యమైన మాట మఱియొకటి కలదు. కోశములు పెక్కు పండితులు వ్రాసినవి గావు. తోటపని చేయువారే నింపినవి. అమెరికాలో 2000 సంవత్సరమున ఆరంభమైన డేవ్స్ గార్డెన్ అనుదానియందు వేలకొలది తోటమాలులు తమ ఫోటోలను, తమ నేలలో మొక్క యెట్లు పెరిగినదో ఆ యనుభవములను వ్రాసిపెట్టిరి. తరువాత అది యొక వ్యాపారసంస్థ చేతికి పోయినది. ఇట్టిచోట మేము వ్రాసినదానిని మేమే చదువుటకు సొమ్మెందుకీయవలెనని సభ్యులు అడిగినచో తప్పు పట్టజాలము. మజ్జిగ మనము పోసి, చెంబునకు అద్దె చెల్లించినట్లుండును.

కావున మేమిట్లు తలంచుచున్నాము. తలుపు మూసి రుసుమడుగు కోశమునకు, విశేషమైన యక్కఱ యుండినగాని గృహిణి చందా కట్టనక్కఱలేదు. అదే సమాచారము బహిరంగముగా వేఱొకచోట లభించుచున్నది. చదువుట అందఱకు ఉచితమై, వ్రాసినవారి పేరు నిలిపి, సేకరించినదానిని ఇతరులు తీసికొనుటకు అనుమతించి, నిర్వహణకై విరాళము కోరు కోశమునకు మాత్రము, తోటపై ఇతర వ్యయములు చేయగలిగినవారు తప్పక ఈయవలెను. మన దేశమున 2008లో ఆరంభమైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఇట్టి బహిరంగ పద్ధతిది. అదే సంవత్సరమున అమెరికాలో విద్యార్థుల ప్రయత్నముగా పుట్టి, 2023లో స్వతంత్ర ధర్మసంస్థయైన ఐనాచురలిస్ట్ సైతము చూచువారివద్ద రుసుము పుచ్చుకొనదు. మన యిండ్లపన్నుతో కలిపి గ్రంథాలయపు పన్ను కట్టుచునే యున్నాము. పన్ను కట్టని బీదపిల్లవాడును అదే బల్లవద్ద కూర్చుండి అదే పత్రిక చదువుచున్నాడు. దానికి మనలో నెవరును అభ్యంతరము చెప్పుట మేము వినలేదు.

ఎంత యీయవలెనన్నచో, కడియము తోటలనుండి వచ్చిన గులాబీమొక్క యొక్కదాని వెల ఏడాదికి చాలును. ఎండకు మాడిపోయిన మొక్కలకై మనము ప్రతివేసవిని పోగొట్టుకొను సొమ్ము ఇంతకు ఎక్కువయే గదా! సొమ్ము పంపుటకు ముందు ఆ సంస్థ లెక్కలను ప్రకటించుచున్నదా, లేదా చూచుకొనుడు. నెలనెల తానుగా సొమ్ము లాగుకొను ఏర్పాటునకు మాత్రము ఒప్పుకొనకుడు. ఒక్కమాఱు చెల్లించి రసీదు పుచ్చుకొనుట మేలు. ఇంటి ఖర్చులకే ఇబ్బందిపడువారు ఈయలేదని సంకోచపడనక్కఱ లేదు.

ధనము లేనివారును ఈయగలది యొకటి కలదు. అది డాలర్లిచ్చినను క్యూ ఉద్యానమున దొరకదు. తెలుగు జిల్లాల మొక్కల పేర్లను వాల్టర్ ఇలియట్ దొర 1859లో ఫ్లోరా ఆంధ్రికా యను గ్రంథముగా మద్రాసులో అచ్చువేయించెను. నేటి కోశములు పెక్కింటిలో, హిందీ తమిళముల పేర్లున్నచోట సైతము తెలుగు పేరుండవలసిన గడి ఖాళీగా నుండుట మేము చూచుచున్నాము. పొన్నగంటి, గలిజేరు, చెన్నంగి, నల్లేరు, అడవి మొల్ల మున్నగు పేర్లు తెలిసినవారు మన యిండ్లలోని అమ్మమ్మలును నాయనమ్మలును. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆకు ముందువైపును వెనుకవైపును, పువ్వును, కాయను, మొక్క మొత్తమును వేఱువేఱుగ ఫోటోలు తీసి, వారు చెప్పిన పేరుతో బహిరంగ కోశములకు పంపుడు. పేరుతోపాటు ఊరిని, జిల్లాను వ్రాయుట మఱవకుడు. ఆదిలాబాదున నొక మొక్కకు చెల్లిన పేరు శ్రీకాకుళమున మఱియొకదానికి చెల్లుచుండవచ్చును.