చేతి తొడుగుల అర

కారులో ముందు సీటుకు ఎదురుగా మూత గల చిన్న అర ఉంటుంది. దానిని గ్లవ్ బాక్స్ అంటారు, అనగా చేతి తొడుగుల పెట్టె. తొడుగులే లేని దానికి ఆ పేరెందుకు?

తొలినాటి కార్లు చాలావరకు పైకప్పు లేనివి. చలిగాలికి చేతులు కొంకర్లు పోయేవి. ఇంగ్లండులో కారు పందెములలో పాల్గొన్న డొరొతీ లెవిట్ 1909లో స్త్రీల కొరకు ఒక పుస్తకము వ్రాసింది. ఉన్ని తొడుగులు వద్దు, స్టీరింగుపై జారతాయి, మెత్తని తోలువి మేలు అన్నది. సీటు క్రింది సొరుగులో తొడుగులు, జేబురుమాలు, పిన్నులు, కాసిని చాక్లెట్లు కూడ ఉంచుకొమ్మన్నది! అన్నిటికంటె ముఖ్యమైనది చేతి అద్దము. ముఖము చూచుకొనుటకే కాదు, అప్పుడప్పుడు పైకెత్తి వెనుక వచ్చు బండిని చూచుటకు. అప్పటికి కార్లకు అట్టి అద్దము బిగించే వాడుక లేదు. రెండేండ్ల తరువాత, 1911లో, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో రే హరూన్ తన కారుకు అద్దము బిగించుకొని 500 మైళ్ళ పందెము గెలిచాడు. ఆ ఆలోచన ఒక స్త్రీ సొరుగులో ముందే ఉన్నది!

తరువాత కార్లకు కప్పు, వెచ్చదనము వచ్చాయి. అర సీటు క్రింద నుండి ఎదుటి పలకలోకి చేరింది. 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లోనైతే అందులో అయస్కాంతముతో నిలిచే గ్లాసులు పెట్టారు. కలవారి ముచ్చట! మన కార్లలో ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితములు, పాత రసీదులు ఉంటాయి.