మిగిలిపోయిన పిన్ను

చౌటుప్పల్ లాంటి ఊళ్లో ట్రాక్టర్ రిపేరు షెడ్డు మనందరికీ తెలిసిన చోటే. అలాంటి చోట ఒక పాత వేళాకోళం ఉంటుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు చక్రం బిగించి చేతులు తుడుచుకునేలోగా, అతని పక్కన ఎవరో ఒక నట్టో పిన్నో అదనంగా పడేస్తారు. 'ఇదెక్కడిదిరా?' అంటారు. పాపం, వాడు కంగారుపడి అంతా మళ్లీ విప్పుతాడు. అందరితోపాటు మనమూ నవ్వుతాం.

మరోరోజు నిజంగానే పిన్ను మిగిలిపోయిందనుకుందాం. 'మళ్లీ ఆటపట్టిస్తున్నారు' అనుకుని వాడు దాన్ని పక్కకు తోసేస్తాడు. ముందు చక్రం హబ్బులో నట్టు తిరగకుండా పట్టి ఉంచేది ఆ చిన్న స్ప్లిట్ పిన్నే. అది లేకపోతే దుక్కిలో కుదుపులకు నట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది. కూలీలతో నిండిన ట్రాలీని లాగుతూ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక చక్రం ఊడితే, 'నవ్వులాటకే చేశాం' అన్న మాట ఎవరిని కాపాడుతుంది?

పొరుగువాణ్ని మోసగించి, ఆపై పరిహాసమని తప్పించుకునేవాణ్ని సామెతల గ్రంథం 26వ అధ్యాయం 18, 19 వచనాలు నిప్పులు విసిరే వెర్రివాడితో పోలుస్తాయి. అబద్ధపు హెచ్చరికకు అలవాటుపడినవాడు నిజమైన హెచ్చరికనూ నమ్మడు.

చక్రం మార్చాక కొంతదూరం నడిపి, నట్లను మళ్లీ బిగించాలని మెకానిక్కులు చెబుతారు. స్నేహమూ అంతే. 'బాబూ, ఆ పిన్ను పడేసింది మేమే, నీ పని సరిగానే ఉంది' అని ఆరోజే ఒప్పుకుందాం. మనం వదులు చేసిన నమ్మకాన్ని మన చేతులతోనే బిగిద్దాం.