పాట పిల్లలది.. పలుకు మనది

కొలంబస్, ఒహాయో: సైట్లో కాంక్రీట్ పోసే రోజయితే తెల్లారకముందే ఇల్లు వదలాలి. మా ఆవిడకేమో షాపులో సాయంత్రం డ్యూటీ. అందుకే మా అమ్మాయిని సంగీతం క్లాసు దగ్గర దింపడం, మళ్లీ ఎక్కించుకోవడం తప్ప, మిగతా పిల్లల తల్లిదండ్రులతో మాకు 'హలో' దాటి పరిచయం ఉండేది కాదు. వాళ్లలో డాక్టర్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు. మాది సివిల్ డిప్లొమా. మనకేం తెలుసని మాట్లాడతాం అని మాకు మేమే వెనక్కి తగ్గేవాళ్లం. క్లాసు వాట్సాప్ గ్రూప్‌లో చేరినా, టీచరమ్మ పంపే వేళలు చూసి ఊరుకునేవాళ్లం.

ఒక పొరపాటు

ఓసారి ఉత్సాహం ఆగక అమ్మాయి పాటను ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాం. లైకులు బాగానే వచ్చాయి. కానీ 'శ్రుతి తప్పింది' అని ఎవరో రాసిన ముక్క పిల్ల కంటపడింది. "నన్నడక్కుండా ఎందుకు పెట్టారు నాన్నా?" అంది. వీడియో తీసేశాం, తప్పయిందమ్మా అన్నాం. అయినా రెండు వారాలు శ్రుతిపెట్టె ముట్టలేదు.

మదా.. మడా?

అప్పుడే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన దగ్గరపడుతోంది. 1978లో మొదలైన ఈ ఉత్సవానికి ఈస్టర్ రోజుల్లో అమెరికా నలుమూలల నుంచి కుటుంబాలు వస్తాయి. పంచరత్నాల గోష్ఠిగానంలో పిల్లలూ పెద్దలూ కలిసి పాడతారు. ఐదింటిలో నాటరాగంలోది సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోవి తెలుగు. మా క్లాసులో మాత్రం తమిళులు, కన్నడిగులే ఎక్కువ. పిల్లలు సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. ఆ రాతలో 'కల'కూ 'కళ'కూ తేడా ఉండదు. 'మది' కాస్తా 'మడి' అయిపోతుంది!

"ఎలా పలకాలో మీరు చెబుతారా?" అని ఓ తమిళ తల్లి గ్రూప్‌లో మమ్మల్ని అడిగారు. మాకు రాగం తెలీదు, మాట తెలుసు. అయినా ధైర్యం చాలక అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాం. ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ తెల్లారి ఆరున్నర. దీపం పెట్టుకున్నాక అమ్మ ఒక్కో మాటా విడమర్చి పలికి వాయిస్ మెసేజ్ పంపేది. "మది అంటే మనసే తల్లీ, మడి అంటే మన వరి మడి" అని చివర్లో మనవరాలికి చెప్పేది. అవి గ్రూప్‌లో వేస్తుంటే "నానమ్మ మెసేజ్ వచ్చిందా?" అని తమిళ పిల్లలూ అడగసాగారు.

ఓ రాత్రి మా పిల్ల ఫోన్ అడిగి తీసుకుంది. గదిలో కూర్చుని పాడి, నానమ్మ ఒక్కదానికే పంపింది.

సెలవు పెట్టి క్లీవ్‌లాండ్ వెళ్లాం. మా పేరు తెలియనివాళ్లు సైతం "నానమ్మగారి అబ్బాయి కదూ" అంటూ వచ్చి పలకరించారు.

మనవాళ్లకు మా మాట

డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా.. పిల్లల్ని అడక్కుండా వాళ్ల పాట బయట పెట్టకండి. వీడియోలో పక్కింటి పిల్ల కనిపిస్తే వాళ్ల అమ్మానాన్నల్నీ అడగండి. గ్రూప్‌లో పోలికలు వద్దు. 'మనకేం వచ్చు' అని మూలన కూర్చోకండి. మనింట్లో తెలుగు ఉంది. అది అవసరమైనవాళ్లు మన పక్కనే ఉన్నారు.