జెల్లచేప చెప్పిన కొరియా కథ

మృగపక్ష్యాదులు మాటలాడడం మన పాఠకులకు కొత్త కాదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో మిత్రభేదం చదివిన ప్రతి విద్యార్థికీ, పింగళక సంజీవకుల మైత్రి కేవలం అనుమానం చేత ఎట్లా నశించిందో తెలుసు. అదే సమస్యను నేటి సియోల్ నగరంలో నిలిపి, ఒక జెల్లచేప చేత పలికించిన దక్షిణ కొరియా చిత్రం ‘మేగి’. ఆ భాషలో మేగి అంటే జెల్లచేప అనే అర్థం. యి ఓక్-సొప్ అనే దర్శకురాలి తొలి పూర్తి నిడివి చిత్రమిది. ఆ దేశపు జాతీయ మానవ హక్కుల సంఘం ప్రాపుతో స్వల్ప వ్యయంతో తయారై, 2018లో బుసాన్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శింపబడింది. 2019లో ఒసాకా ఆసియా చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమానం పొందింది.

కథారంగం ఒక ఆసుపత్రి. అక్కడి ఎక్స్-రే గదిలో ఏకాంతంగా ఉన్న ఒక జంటను ఎవరో రహస్యంగా చిత్రం తీస్తారు. ఎముకలే తప్ప ముఖాలు కానరాని ఆ చిత్రం బయటపడగానే, తీసినవారెవరని ఎవరూ అడగరు. అందులో ఉన్నవారెవరని మాత్రం అందరూ అడుగుతారు. లోకం నేరాన్ని విడిచి సిగ్గును వెంటాడడమంటే ఇదే. మరునాడు యూన్-యంగ్ అనే నర్సు, ఒక వైద్యురాలు తప్ప తక్కిన సిబ్బంది అంతా జబ్బని కబురు పంపి ఇంట నిలిచిపోతారు. ఆ కబురు నిజమా, అబద్ధమా? నమ్మి చూద్దామని ఆ స్త్రీలిద్దరూ నిశ్చయించుకుంటారు. ఇదంతా నీటితొట్టిలోనుంచి గమనించి మనకు చెప్పేది మేగియే. ఆ చేపకు గళమిచ్చిన నటి చున్ వూ-హీ.

ఇంతలో నగరంలో అక్కడక్కడ నేల కుంగి పెద్ద గుంతలు ఏర్పడతాయి. ఉద్యోగం లేని యువకులకు వాటిని పూడ్చే పని దొరకడం విషాదంతో కూడిన హాస్యం. నర్సు ప్రియుడు సంగ్-వన్ ఆ పనిలో చేరి, ఉంగరం పోగొట్టుకొని, తోటి పనివాని కాలివేలికి అటువంటిదే చూసి శంకిస్తాడు. అతని మీదనే మరొక శంక బయలుదేరుతుంది. వెనుక అతడు తనను కొట్టాడని పూర్వపు ప్రియురాలు నర్సుతో చెబుతుంది.

ఇక్కడ ఈ చిత్రం నీతికథను దాటిపోయింది. మిత్రభేదంలో అనుమానం దమనకుడు కల్పించినది. కనుక నమ్మకమే మేలని తీర్పు చెప్పడం సులభం. ఇక్కడ ఆ వీలు లేదు. లోలోపల మథనపడిన నర్సు, చివరకు ఎదుట నిలిచి అడుగుతుంది. అతడు ఔనంటాడు. ఆ వెంటనే అతని కాళ్ల కింది నేల కుంగిపోతుంది.

అద్భుతరసం ఈ చిత్రానికి కేవలం అలంకారం కాదు. నమ్మకం కూలడమనే అమూర్త విషయాన్ని కంటికి చూపడానికి దర్శకురాలికి ఖరీదైన మాయాజాలం అక్కరలేకపోయింది. ఒక గుంత, ఒక చేప చాలాయి.

తరగతిలో ఏ పిల్లవాని మీదనో నింద పడినప్పుడు, వినగానే నమ్మడమూ సులభమే, వినకుండా తోసివేయడమూ సులభమే. ఎదుట కూర్చుండబెట్టుకొని అడగడం, వచ్చిన జవాబును భరించడం కష్టం. ఆ కష్టాన్ని గంటన్నరలోపే మనసుకు పట్టించిన ఈ దర్శకురాలు అభినందనీయురాలు.