బెత్తెడు దిగే కాలువ

గ్లాస్గో నగరానికి పెద్ద వాన రాబోతోందని వాతావరణ సూచన అందగానే, ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ నీటిని ముందే కిందికి వదలడం మొదలవుతుంది. ఆ నీరు దిగువనున్న కెల్విన్ నదిలోకి జారిపోతుంది. కాలువ మట్టం 10 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది. అంటే బెత్తెడు. కానీ కొండ అంచున మైళ్ల పొడవునా ఒకే మట్టంలో సాగే కాలువ అది. అందుకే ఆ బెత్తెడులోనే 55,000 ఘనపు మీటర్ల, అంటే 5.5 కోట్ల లీటర్ల వాన నీటికి చోటు దొరుకుతుంది. పడవలు మాత్రం ఎప్పటిలాగే తేలుతుంటాయి.

ఆ మట్టసాన్ని సాధించింది పడవల కోసమే. స్కాట్లండ్ తూర్పు, పడమర తీరాలను కలుపుతూ 1768లో జాన్ స్మీటన్ ఆధ్వర్యంలో తవ్వకం మొదలైంది. మధ్యలో డబ్బు చాలక ఆగి, 56 కిలోమీటర్ల కాలువ 1790లో పూర్తయింది. నీరు ఇంకకుండా అడుగున బంకమట్టిని తొక్కి పరిచారు. 1803లో విలియం సైమింగ్టన్ ఆవిరి పడవ 'షార్లెట్ డండాస్' రెండు సరుకు పడవలను ఈ నీళ్లమీదే లాగింది. తరువాత సరుకంతా రైళ్లకూ లారీలకూ పోయింది. 1963లో కాలువను మూసేశారు. దీనికి నీరందించే మంక్‌లాండ్ కాలువ గతి ఇంకా దారుణం: నగరంలో దాన్ని గొట్టాల్లోకి మళ్లించి, పైన ఎం8 మోటారు రహదారి వేశారు. ఫోర్త్ అండ్ క్లైడ్‌ను అలా పూడ్చకుండా, 2001లో మళ్లీ తెరవడం గొప్ప అదృష్టమని నేననుకుంటాను.

ఉత్తర గ్లాస్గోలో ఫ్యాక్టరీలు పోయాక ఖాళీ స్థలాలు మిగిలాయి. అక్కడ ఇళ్లు కడదామంటే వాన నీరు పోయే దారి లేదు. మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పారే పాత డ్రైనేజీ అప్పటికే నిండిపోయింది. స్కాటిష్ కెనాల్స్, నగరపాలక మండలి, స్కాటిష్ వాటర్ కలిసి 2018లో కాలువకు ఈ కొత్త పని అప్పగించాయి. ఇళ్ల మధ్య చెరువులు, గడ్డి వాగులు వాన వేగాన్ని తగ్గించి, ఒండ్రును ఆపి, తేరిన నీటిని కాలువలోకి పంపేలా రూపొందించారు. 110 హెక్టార్లు నిర్మాణాలకు అందుబాటులోకి వస్తాయని అంచనా.

ఇందులో అసలు కష్టం సమయం. వాన మొదలయ్యాక మట్టం దించితే లాభం లేదు. అప్పటికే కెల్విన్ కూడా పొంగుతుంటుంది. అందుకే కాలువలోని సెన్సర్లు, వాతావరణ సూచనలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, ఆకాశం పొడిగా ఉండగానే షట్టర్లు ఎత్తాలి.