గంట జరిగినా పొద్దు జరగదు

ప్రతి సంవత్సరము మార్చి నెల రెండవ ఆదివారమున అమెరికాలో ఒక గంట మాయమవుతుంది. తెల్లవారుజామున రెండు గంటలు కావలసిన వేళకు గడియారములు మూడు చూపిస్తాయి. మరల నవంబరు మొదటి ఆదివారమున ఆ గంట తిరిగి వస్తుంది. ఆ రాత్రి ఒంటి గంట నుండి రెండు వరకు ఉన్న వేళను వారు రెండుసార్లు గడుపుతారు. బ్రిటన్‌లోను, ఐరోపా దేశములలో చాలావాటిలోను ఇదే మార్పు మార్చి చివరి ఆదివారమున, అక్టోబరు చివరి ఆదివారమున జరుగుతుంది. అమెరికావారు దీనిని డేలైట్ సేవింగ్ టైమ్ అని, బ్రిటన్‌వారు సమ్మర్ టైమ్ అని పిలుస్తారు. మనము దీనిని వేసవి వేళ అని చెప్పుకుందాము.

మన ఊళ్లలో ఈ పద్ధతి లేదు. అయినా మన సంఘములలో అనేక కుటుంబములకు దీనితో సంబంధమున్నది. కొడుకు అమెరికాలో ఉంటాడు, కూతురు లండన్ ఆసుపత్రిలో నర్సుగా ఉంటుంది. రోజూ వచ్చే వేళకు ఫోను రాకపోతే ఇక్కడ తల్లి మనసు కుదురుగా ఉండదు. పిల్లవాడికి ఏమైందో అని ఆ గంటసేపు ఆమె పడే వేదన మనకు తెలియనిది కాదు. కాబట్టి ఈ గంట సంగతి ఏమిటో, అది మనుష్యుల దినచర్యను ఎలా మారుస్తుందో తెలుసుకుందాము.

మనకెందుకు లేదు?

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశములలో పగలు, రాత్రి ఏడాది పొడవునా ఇంచుమించు సమానముగా ఉంటాయి. హైదరాబాదులో ఎండాకాలములో అతి పెద్ద పగలు దాదాపు 13 గంటలు, చలికాలములో అతి చిన్న పగలు దాదాపు 11 గంటలు. తేడా రెండు గంటలే. లండన్‌లో అలా కాదు. జూన్ నెలలో అక్కడ పగలు పదహారున్నర గంటలు. డిసెంబరులో ఎనిమిది గంటలైనా నిండవు. వేసవిలో జనము ఇంకా నిద్రలో ఉండగానే సూర్యుడు ఎక్కివస్తాడు. ఆ ఉదయపు వెలుగులో ఒక గంటను సాయంకాలమునకు తెచ్చుకొనుటకే గడియారమును ముందుకు జరుపుతారు.

మన దేశమునకు 1906 నుండి ఒకే ప్రామాణిక వేళ ఉన్నది. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి లెక్కించబడుతుంది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముగానే పోతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో, 1942 నుండి 1945 వరకు, మన దేశపు గడియారములను కూడ ఒక గంట ముందుకు జరిపారు. యుద్ధము ముగిసిన తరువాత పాత వేళకే తిరిగి వచ్చాము.

ఆలోచన ఎవరిది?

న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అను తపాలా ఉద్యోగి 1895లో ఈ సలహా మొదట చెప్పాడు. పని ముగిసిన తరువాత పురుగులను సేకరించి పరిశీలించుట అతనికి ఇష్టము. అందుకు సాయంకాలము ఇంకా కొంత వెలుగు కావాలని అతని కోరిక. ఇంగ్లండులో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ 1907లో ఇదే విషయముపై ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించాడు. వేసవి ఉదయమున గుర్రము మీద తిరుగుచుండగా, పొద్దెక్కినా ఇళ్ల కిటికీల తెరలు తీయకుండుట చూసి, ఎంత వెలుగు వృథా అవుతున్నదో అనుకున్నాడట.

విల్లెట్ చెప్పిన పద్ధతిలో ఒక మంచి సంగతి ఉన్నది. గడియారమును ఒక్కసారిగా గంట జరపమని అతడు చెప్పలేదు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారములు, ఆదివారమునకు 20 నిమిషముల చొప్పున జరపమన్నాడు. సెప్టెంబరులో అదే విధముగా వెనుకకు తేవాలన్నాడు. కాని అతడు 1915లో మరణించాడు. మరుసటి సంవత్సరము, 1916 ఏప్రిల్ 30న, జర్మనీ బొగ్గు ఆదా చేయుటకు గడియారములను ఒక్కసారే ఒక గంట ముందుకు త్రిప్పింది. మూడు వారములలో బ్రిటన్ కూడ అదే చేసింది. 1918లో అమెరికా ఆ దారి పట్టింది. మెల్లగా జరగవలసిన మార్పును యుద్ధము తొందరపెట్టింది.

ఆవుకు చట్టము తెలియదు

ఈ పద్ధతిని రైతుల మేలు కొరకే పెట్టారని చాలామంది అనుకుంటారు. జరిగినది అందుకు వ్యతిరేకము. అమెరికాలో దీనిని గట్టిగా ఎదిరించినవారు రైతులే. వారి బాధ మన పల్లెవారికి వెంటనే అర్థమవుతుంది. గడ్డి మీద మంచు ఆరనిదే కోసిన గడ్డిని ఎత్తడానికి వీలుకాదు. మంచు ఆరేది ఎండకు గాని గడియారమునకు కాదు. కూలీలు మాత్రము గడియారము చూసుకొని సాయంకాలము ఇంటికి పోతారు. ఆ విధముగా రైతుకు ఒక గంట పని నష్టము.

పాడి సంగతి ఇంకా కష్టము. పాలు పట్నమునకు చేర్చే రైలు కొత్త వేళకు వస్తుంది. ఆవు మాత్రము పాత వేళకే చేపుతుంది. మన ఊరి పాలకేంద్రము రేపటి నుండి గంట ముందే మూసివేస్తామంటే మన ఇళ్లలో ఎంత తొందర పుడుతుందో ఆలోచించండి. పొదుగు నిండని గేదె దగ్గర కూర్చుని ఏమి పిండుతాము? ఆ రైతుల ఒత్తిడి వలననే 1919లో అమెరికా కాంగ్రెసు అధ్యక్షుడు విల్సన్ కాదన్నప్పటికి ఆ చట్టమును రద్దు చేసింది. రెండవ ప్రపంచ యుద్ధములో ఆ పద్ధతి మరల వచ్చింది. 1966 చట్టముతో దేశమంతటికి ఒక క్రమము ఏర్పడింది. అయినా హవాయి రాష్ట్రము, అరిజోనా రాష్ట్రములో చాలా భాగము నేటికీ గడియారము ముట్టుకోవు.

దీపములకయ్యే ఖర్చు తగ్గుతుందని మొదటి నుండి చెప్పిన మాట. ఇండియానా రాష్ట్రమంతటా 2006లో ఈ పద్ధతి వచ్చిన తరువాత పరిశోధకులు కరెంటు బిల్లులు పరిశీలించారు. ఇళ్లలో వాడకము తగ్గలేదు సరికదా, సుమారు 1 శాతము పెరిగింది. దీపముల వాడకము కొంత తగ్గినా, చల్లదనమునకు, వెచ్చదనమునకు పెట్టే యంత్రముల వాడకము పెరిగింది.

ఒంటిలోని గడియారము

దేవుడు మన శరీరములో ఒక గడియారమును ఉంచాడు. ఉదయపు వెలుగు కంటికి తగిలినప్పుడు అది సరిచేసుకుంటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, రక్తపోటు అన్నీ దాని ప్రకారము నడుస్తాయి. ఈ గడియారము జీవకణములలో ఎలా పని చేయునో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. గోడ గడియారమును ఒక్క క్షణములో త్రిప్పవచ్చును. ఈ లోపలి గడియారము తిరుగుటకు కొన్ని దినములు పడుతుంది.

స్వీడన్ దేశపు లెక్కలను పరిశీలించి 2008లో ప్రకటించిన ఒక అధ్యయనములో, వసంతకాలపు మార్పు జరిగిన మొదటి వారములో గుండెపోట్లు సుమారు 5 శాతము ఎక్కువగా కనబడినవి. అమెరికాలో ఆ వారములో ప్రాణాపాయకరమైన రోడ్డు ప్రమాదములు సుమారు 6 శాతము పెరుగుచున్నవని 2020లో మరియొక పరిశోధన తెలిపింది. ఒక్క గంట నిద్ర చిన్న సంగతి కాదు. అదే సంవత్సరము ఆ దేశపు నిద్రా వైద్యుల సంఘము ఈ మార్పును మానివేసి, ఏడాది పొడవునా చలికాలపు వేళనే ఉంచుట మేలని చెప్పింది.

ఈ భారము అందరి మీద ఒకే రీతిగా పడదు. సెలవు దినమున ఆలస్యముగా లేచేవానికి అంతగా తెలియదు. చంటిపిల్ల తల్లికి తెలుస్తుంది. బిడ్డ పాత వేళకే ఆకలిగొంటుంది, పాత వేళకే లేస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు తెలుస్తుంది. అక్టోబరు చివరి ఆదివారమునకు ముందు శనివారము రాత్రి డ్యూటీకి ఎక్కినవారి పన్నెండు గంటల పని ఆ ఒక్క రాత్రి పదమూడు గంటలవుతుంది. మందు ఇచ్చిన వేళ ఒంటి గంటన్నర అని వ్రాస్తే, మొదటి ఒంటి గంటన్నరా, రెండవదా అని కూడ స్పష్టముగా వ్రాయవలసి వస్తుంది.

బడిపిల్లల సంగతి అమెరికావారు 1974లో చూశారు. చమురు కొరత వలన ఆ జనవరి నుండి చలికాలములో కూడ వేసవి వేళనే ఉంచారు. ఉదయము పిల్లలు చిమ్మచీకటిలో బస్సు కొరకు నిలబడవలసి వచ్చింది. తల్లిదండ్రులు ఆందోళన చెందారు. ఆ సంవత్సరము అక్టోబరులోనే చట్టమును మార్చి, చలికాలమునకు పాత వేళను తిరిగి తెచ్చారు.

ఆరాధన వేళ

పనులకు అడ్డము తక్కువగా ఉంటుందని ప్రభుత్వములు ఈ మార్పుకు ఆదివారమును ఎన్నుకున్నవి. అందువలన దాని మొదటి ఫలితము దేవాలయములోనే కనబడుతుంది. మార్చిలో గడియారము జరపడము మరచినవారు ఆశీర్వాదము చెప్పే వేళకు వస్తారు. నవంబరులో మరచినవారు తలుపు తీయకముందే వచ్చి నిలబడతారు. అందుకే అక్కడి కాపరులు ముందు ఆదివారమే ప్రకటన చేస్తారు.

యెరూషలేములోని పరిశుద్ధ సమాధి దేవాలయములో అనేక క్రైస్తవ శాఖలవారు పూర్వపు ఒడంబడిక ప్రకారము వంతులవారీగా ఆరాధిస్తారు. పట్టణపు గడియారములు ముందుకు జరిగినా, లోపల ఆరాధన క్రమము పాత వేళనే అనుసరించును. అమెరికాలో సాదా జీవితము గడుపు ఆమిష్ క్రైస్తవులలో కొన్ని సంఘములు కూడ వేసవి వేళను పాటించవు. పాత వేళను నిదానపు వేళ అని, కొత్తదానిని వేగపు వేళ అని వారు చెప్పుకుంటారు.

లెబానోనులో 2023 మార్చిలో జరిగినది మనకు హెచ్చరిక. రంజాన్ ఉపవాసముల దృష్ట్యా ప్రభుత్వము వేసవి వేళను వాయిదా వేసింది. నిర్ణయము ఆఖరు గడియలో చేశారు. మారోనైట్ సంఘము దానిని అంగీకరించక, ఎప్పటివలెనే గడియారము జరిపింది. కొన్ని దినములు ఒకే దేశములో రెండు వేళలు నడిచినవి. చివరకు ప్రభుత్వము తన నిర్ణయమును మార్చుకొన్నది. ఒక్క గంట కొరకు ఇరుగుపొరుగువారు రెండు పక్షములైరి. వేళ అనునది అందరు కలిసి ఒప్పుకొన్నప్పుడే ఉపయోగపడుతుంది.

మన ఇళ్లలో

ఇప్పుడు మన సంగతి. డల్లాస్‌లో ఉన్న కుమారుడు శనివారము రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తే, వేసవిలో మనకు ఆదివారము ఉదయము ఆరున్నర. నవంబరు నుండి అదే ఫోను ఏడున్నరకు వస్తుంది. ఇంటివారు గుడికి తయారగుచున్న వేళ అది. లండన్‌లో కూతురు సాయంకాలము ఆరింటికి మాట్లాడితే, వేసవిలో మనకు రాత్రి పదిన్నర, చలికాలములో పదకొండున్నర. పొలములో అలసిన తండ్రి అంతసేపు మేలుకొని ఉండుట కష్టము. హైదరాబాదులో ఉద్యోగము చేసే పిల్లలకు, న్యూయార్కు ఉదయము తొమ్మిది గంటల మీటింగు వేసవిలో సాయంకాలము ఆరున్నరకు, చలికాలములో ఏడున్నరకు పడుతుంది. బుధవారపు ప్రార్థన కూటమునకు రాలేదని వారిని తప్పుపట్టకముందు ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

కొన్ని సూచనలు:

1. అమెరికావారి మార్పు దినములు మార్చి రెండవ ఆదివారము, నవంబరు మొదటి ఆదివారము. బ్రిటన్‌వారివి మార్చి, అక్టోబరు చివరి ఆదివారములు. వీటిని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొనండి. ఆ వారములో ఫోను ఒక గంట అటూ ఇటూ అయితే కంగారు పడవద్దు.

2. విదేశములో ఉన్న పిల్లలు ఆ మార్పును ముందుగానే అమ్మానాన్నలకు చెప్పవలెను. కొత్త వేళ వారి నిద్రకు, మందులకు అడ్డమైతే పిల్లలే తమ వేళను సర్దుకొనవలెను. దూరమున ఉండి చేయగల సేవలో ఇదియు ఒకటి.

3. అక్కడ చంటిపిల్లలున్నవారు మార్పుకు నాలుగైదు దినముల ముందు నుండి పాలు, స్నానము, నిద్ర వేళలను దినమునకు పది పదిహేను నిమిషముల చొప్పున జరపవచ్చును. విల్లెట్ చెప్పిన నిదానమే ఇంటిలో పనికివస్తుంది.

4. మార్చిలో గంట తగ్గిన ఆదివారము, మరునాడు దూరప్రయాణము కారు నడపకుండుట మేలు. ముందు రాత్రి తొందరగా పడుకొనండి.

5. ఫోనులో కలిసి ప్రార్థించే కుటుంబములు ఏడాదికి రెండుసార్లు కూర్చుని, అందరికి అనువైన వేళను మరల నిర్ణయించుకొనండి. ఎవరికో ఒకరికే ఎప్పుడూ అర్ధరాత్రి కాకుండ చూడండి.

గంట ఎవరిది?

ఈ పద్ధతి ఎంతకాలము ఉంటుందో మనుష్యులే తేల్చుకోలేకున్నారు. ఐరోపా పార్లమెంటు 2019లో దీనిని మానివేయుటకు ఓటు వేసింది గాని అది అమలుకు రాలేదు. రష్యా 2011లో ఏడాదంతా వేసవి వేళ పెట్టి, చీకటి ఉదయములు భరించలేక 2014లో చలికాలపు వేళకు మారింది. మెక్సికోలో చాలా భాగము 2022లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది.

హిజ్కియా కాలములో ఆహాజు ఎండ గడియారము మీద నీడ పది మెట్లు వెనుకకు పోయెనని రాజుల రెండవ గ్రంథములో చదువుతాము. అక్కడ దేవుడు రోగియైన మనుష్యునికి ఆయుష్షును కలిపాడు. మనుష్యులు గడియారము త్రిప్పితే మాత్రము దినమునకు ఒక్క నిమిషమైనా కలియదు. ఒక చోట తీసిన గంటను మరొక చోట పెట్టుట మాత్రమే మన చేతనైనది. తీసిన చోట ఎవరి నిద్ర పోయినదో, ఎవరి విశ్రాంతి కరిగినదో చూచుట మన ధర్మము. విశ్రాంతి దినము విషయములో ప్రభువు పరిసయ్యులకు నేర్పిన పాఠము గడియారమునకు కూడ వర్తిస్తుంది. మనుష్యుని మేలు కొరకే వేళ గాని, వేళ కొరకు మనుష్యుడు కాడు.

మన ఇంటిలోను ఆలోచిద్దాము. అందరికంటె ముందు లేచి పొయ్యి వెలిగించేది ఎవరు? అందరు తిన్న తరువాత పడుకొనేది ఎవరు? ఏ దేశములోనైనా, ఏ వేళ అమలులో ఉన్నా, వారి గంటను వారికి మిగిల్చే కుటుంబము ధన్యమైనది. దేవుడు మీ ఉదయములను, సాయంకాలములను ఆశీర్వదించును గాక.