డ్రమ్స్ రికార్డింగ్‌కు 8 మైకులు అక్కర్లేదు.. 4 చాలు! ఎక్కడ పెట్టాలంటే..

డ్రమ్ కవర్ వీడియో తీశారు. విజువల్ అదిరింది. సౌండ్ మాత్రం రేకు డబ్బా మోగినట్టుంది! వెంటనే ఇంకో నాలుగు మైకులు కొనేద్దాం అనుకుంటున్నారా? ఆగండి. చాలాసార్లు సమస్య మైకుల సంఖ్య కాదు, వాటిని పెట్టే చోటు.

1968లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌కు పనిచేసిన ఇంజినీర్ గ్లిన్ జాన్స్ మూడు, నాలుగు మైకులతోనే డ్రమ్స్ రికార్డ్ చేసేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఆయన పేరుతోనే పాపులర్.

అదెలాగంటే.. స్నేర్‌కు నేరుగా పైన, దాదాపు మీటరు ఎత్తులో ఒక కండెన్సర్ మైక్. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, స్నేర్ వైపు చూసేలా పెట్టాలి. అసలు కిటుకు ఇక్కడే! ఈ రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. టేపు లేకపోతే తాడుతోనైనా కొలవండి. 34 సెంటీమీటర్లు తేడా వస్తే ఒక మైక్‌కు సౌండ్ మిల్లీసెకను లేటుగా చేరుతుంది. రెండూ కలిపితే స్నేర్ పలచబడిపోతుంది.

మూడోది కిక్ డ్రమ్‌కు. ఫోన్ స్పీకర్‌లో కిక్ 'ధమ్' దాదాపు వినపడదు, బీటర్ తగిలే 'టక్' వినిపిస్తుంది. అందుకే డైనమిక్ మైక్‌ను డ్రమ్ లోపల బీటర్ వైపు తిప్పండి. నాలుగోది స్నేర్ అంచుకు రెండంగుళాల దూరంలో.. షూర్ ఎస్ఎం57 లాంటిది చాలు.

చివరగా అన్నీ కలిపి ఫోన్‌లోనే వినండి. స్నేర్ పలచగా ఉందా? పర్సు కాదు, ముందు టేపు తీయండి!